200 కాదు, 185 చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ ప్లాన్లు ఆసుపత్రులకు ఇచ్చే ధరలకు పరిమితి పెట్టడం. వాషింగ్టన్ రాష్ట్ర చట్టానికి 2027 జనవరి గడువు కావడం వల్ల అక్కడి పాఠకుల్లో కంగారు ఎక్కువగా ఉంది. మనవాళ్ళు స్టేట్ ఐటీ శాఖల్లో, యూనివర్సిటీల్లో, స్కూలు డిస్ట్రిక్టుల్లో బాగానే స్థిరపడ్డారు కనుక ఇది మనింటి విషయమే. కొత్త పాఠకులకు నా గురించి ఒక్క మాట. నేను మొదట ఆసుపత్రి తరఫున ఇన్సూరెన్స్ కంపెనీలతో రేట్లు మాట్లాడేదాన్ని. తర్వాత ప్లాన్ల తరఫున ఆసుపత్రులతో మాట్లాడాను. ఒకే బేరాన్ని రెండు పక్కల నుంచీ చూశాను కాబట్టి ఎవరి మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు, పగ లేదు.

ప్రశ్న (లేసీ, వాషింగ్టన్): మేడమ్ గారూ, మావారు స్టేట్ ఆఫీసులో పనిచేస్తారు. 2027 నుంచి మా ప్లాన్ ఆసుపత్రులకు మెడికేర్ (65 దాటినవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) రేటుకి రెండింతలు మించి ఇవ్వదట. మా పిల్లల్లో ఒకరికి ఆస్తమా, ఏడాదికి ఒకసారైనా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. "ఆ రేటుకి మీ ప్లాన్ మాకొద్దు" అని ఇక్కడి పెద్ద ఆసుపత్రి అంటే మా గతేమిటి? అలాగే, మావారి జీతంలో కోసుకునే ప్రీమియం ఏమైనా తగ్గుతుందా?

జవాబు: మీ మొదటి ప్రశ్న గురించి చట్టం రాసినవాళ్ళూ ఆలోచించారమ్మా. అందుకే అందులో రెండు అంకెలు పెట్టారు. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ప్లాన్‌తో ధరల కాంట్రాక్టు కుదుర్చుకున్న ఆసుపత్రికి మెడికేర్ ఇచ్చేదాంట్లో 200 శాతం వరకు ఇవ్వొచ్చు. నెట్‌వర్క్ వదిలి బయటికి వెళ్ళిన ఆసుపత్రికి 185 శాతం వరకే. పేపర్లన్నీ 200 గురించే రాస్తాయి. నన్నడిగితే ఈ చట్టం ప్రాణమంతా ఆ 185లో ఉంది.

మామూలుగా బేరం ఎలా నడుస్తుందో చెప్తాను. చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రి ఒకటే ఉందనుకోండి. కాంట్రాక్టు గడువు ముగియబోతుంటే, తామడిగిన రేటు ఇవ్వకపోతే నెట్‌వర్క్ నుంచి తప్పుకుంటామని ప్లాన్‌కి నోటీసు పంపుతుంది. అదే మాట మీలాంటి వాళ్ళకీ ఉత్తరాలు రాస్తుంది. మీరు కంగారుపడి ప్లాన్‌కి ఫోన్ చేస్తారు. వాళ్ళకి కావలసింది అదే. నిజంగా తప్పుకున్నా ఆ ఆసుపత్రికి పెద్ద నష్టం లేదు. గుండెనొప్పి వచ్చినవాడు నెట్‌వర్క్ లిస్టు చూసుకుని అంబులెన్స్ ఎక్కడు కదా. పేషెంట్లు ఎలాగూ వస్తారు, అప్పుడు కాంట్రాక్టు లేదు కాబట్టి తన సొంత రేటు పట్టిక ప్రకారం బిల్లు వేయొచ్చు. 2022 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం, నో సర్‌ప్రైజెస్ యాక్ట్, ఎమర్జెన్సీలో పేషెంటు మీద ఆ అదనపు భారం పడకుండా చూస్తుంది. ఆస్తమా ఉన్న మీ బిడ్డ విషయంలో ఆ రక్షణ ఎలాగూ ఉంటుంది. ప్లాన్ ఎంత కట్టాలన్నది మాత్రం మధ్యవర్తి దాకా వెళ్ళే తగువే.

ఇప్పుడు 185ని అక్కడ పెట్టి చూడండి. బయటికి వెళ్తే లోపల ఉన్నప్పటికంటే తక్కువ వస్తుంది. పేషెంట్లు తగ్గుతారు, రేటూ తగ్గుతుంది. నేను ఆసుపత్రి పక్కన కూర్చున్న రోజుల్లో మా చేతిలో ఉన్న అతి పెద్ద ఆయుధం ఆ నోటీసే. దాన్ని ఒక్క అంకె తుస్సుమనిపించింది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఒరెగాన్ ఇదే పద్ధతికి 2017లో చట్టం చేసింది. స్కూలు సిబ్బంది ప్లాన్‌లో 2019 అక్టోబరు నుంచి, రాష్ట్ర ఉద్యోగుల ప్లాన్‌లో 2020 జనవరి నుంచి అమలు చేసింది. అవే అంకెలు: లోపల 200, బయట 185. పైగా పరిమితి మేరకు డబ్బు తీసుకున్న ఆసుపత్రి, మిగతాది పేషెంటు దగ్గర వసూలు చేయకూడదని కూడా రాసింది. ఒక్క ఆసుపత్రి కూడా నెట్‌వర్క్ వదిలి వెళ్ళలేదు. మొదటి 27 నెలల్లో రెండు ప్లాన్లకీ కలిపి 10 కోట్ల 75 లక్షల డాలర్లు, అంటే ప్లాన్ ఖర్చులో 4 శాతం, మిగిలిందని పరిశోధకులు లెక్కగట్టారు. వాషింగ్టన్ 2025లో చేసిన చట్టానికి ఒరవడి అక్కడిదే. అయినా మీ ఊరి ఆసుపత్రి ఏం చేస్తుందో నేను హామీ ఇవ్వలేను. నవంబరులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాదికోసారి ప్లాన్ ఎంచుకునే గడువు) వచ్చినప్పుడు నిరుటి ప్లాన్‌నే కళ్ళు మూసుకుని కొనసాగించకుండా, ఆసుపత్రి పేరు, పిల్లల ఆస్తమా డాక్టరు పేరు రెండూ నెట్‌వర్క్ లిస్టులో ఉన్నాయో లేదో చూసుకోండి.

మెడికేర్ రేటునే కొలతగా ఎందుకు తీసుకున్నారని మీరు అడగలేదు కానీ, అడగాల్సిన ప్రశ్న. చాలా కాంట్రాక్టుల్లో రేటు అంటే "బిల్లు మీద ఇంత శాతం తగ్గింపు" అని ఉంటుంది. ఆ బిల్లు వేసే రేటు పట్టిక ఆసుపత్రిదే. నేను పనిచేసిన చోట అదొక స్ప్రెడ్‌షీట్: సెలైన్ సీసా నుంచి ఓపెన్ హార్ట్ దాకా వేల వరుసలు. ఏడాదికోసారి ఒక గడిలో 1.06 అని కొట్టి ఎంటర్ నొక్కితే మొత్తం వరుసలన్నీ 6 శాతం పైకి లేచేవి. అవతలి వాళ్ళు పోరాడి ఇంకో 2 శాతం తగ్గింపు సాధించుకుని సంతోషంగా వెళ్ళేవారు. ఆషాఢం సేల్‌కి ముందు చీర మీద కొత్త ధర చీటీ అంటించడం లాంటిదే ఇది. మెడికేర్ రేటుని ఆసుపత్రి అలా పెంచుకోలేదు. జబ్బుని బట్టి, చేసిన పనిని బట్టి, ఆ ప్రాంతంలో జీతాల స్థాయిని బట్టి ఫెడరల్ ప్రభుత్వం సూత్రం ప్రకారం కట్టే ధర అది. బేరం పై నుంచి కిందికి కాకుండా కింది నుంచి పైకి మొదలవుతుంది.

ఇక మీ డబ్బు సంగతి. క్లెయిమ్ అయ్యాక ప్లాన్ పంపే కాగితం ఉంటుంది కదా, "ఇది బిల్లు కాదు" అని పైన రాసి ఉండేది. చాలామంది అది చూసి చెత్తబుట్టలో వేస్తారు. అందులో "బిల్లు వేసిన మొత్తం" పక్కన "అనుమతించిన మొత్తం" అని ఒక గడి ఉంటుంది. చట్టం పనిచేసేది ఆ గడి మీదే. ఉదాహరణకి నేను వేసుకున్న అంకెలు: ఎమ్మారై స్కాన్‌కి ఆసుపత్రి బిల్లు 4,800 డాలర్లు. సగం తగ్గింపు కాంట్రాక్టు ఉంటే అనుమతించిన మొత్తం 2,400. అదే స్కాన్‌కి మెడికేర్ 500 ఇస్తుందనుకుంటే, 200 శాతం అంటే 1,000. మీ కోఇన్సూరెన్స్, అంటే అందులో మీరు కట్టాల్సిన వాటా, 15 శాతం అయితే 360 డాలర్లు కట్టాల్సినచోట 150తో పోతుంది. డిడక్టబుల్ (ప్లాన్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏటా మీరే కట్టాల్సిన మొత్తం) ఇంకా పూర్తికాకపోతే తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే అప్పటిదాకా అనుమతించిన మొత్తంలో చాలా భాగం మీ జేబులోంచే పోతుంది.

జీతంలో కోత విషయంలో ఆశలు పెట్టుకోకండి. వాషింగ్టన్‌లో ప్రీమియంలో దాదాపు 85 శాతం రాష్ట్రమే కడుతుంది, ఉద్యోగుల వాటా 15 శాతం. మిగిలే డబ్బులో సింహభాగం ఖజానాకే పోతుంది. మీకు తెలిసేది ఏమిటంటే ఏటా పెరిగే మొత్తం కాస్త తక్కువ పెరగడం. అది పే స్లిప్పులో కంటికి కనిపించదు.

ప్రశ్న (రాలీ, నార్త్ కరోలినా): నేను యూనివర్సిటీలో పనిచేస్తాను. మా అప్పటి స్టేట్ ట్రెజరర్ (రాష్ట్ర కోశాధికారి, ఉద్యోగుల ప్లాన్ ఆయన చేతిలోనే ఉండేది) 2019లో ఇలాంటిదే చేస్తానని చాలా హడావిడి చేశారు, చివరికి ఆగిపోయింది. ఒరెగాన్‌లో అయింది ఇక్కడ ఎందుకు కాలేదు?

జవాబు: డేల్ ఫోల్‌వెల్ గారి క్లియర్ ప్రైసింగ్ ప్రాజెక్ట్ గురించే కదా అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. ప్లాన్‌లో 7 లక్షల మందికి పైగా సభ్యులున్నారు, ఆసుపత్రులకు ఎంత కడుతున్నామో మాకే చూపించరా అని ఆయన అడగడంలో న్యాయం ఉంది. మెడికేర్‌కి సగటున 177 శాతం ఇస్తామని మొదలుపెట్టి, తర్వాత 196 దాకా పెంచారు. అయినా వందకు పైగా ఉన్న ఆసుపత్రుల్లో సంతకం పెట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాష్ట్రానికి చెందిన ఆసుపత్రుల సంస్థ యూఎన్‌సీ హెల్త్ కూడా రాలేదు. డాక్టర్లు, చిన్న క్లినిక్కులు మాత్రం వేల సంఖ్యలో చేరారు. 2019 ఆగస్టులో ఆయన వెనక్కి తగ్గి, ఆసుపత్రులకు బ్లూ క్రాస్ ఇన్సూరెన్స్ కంపెనీ పాత నెట్‌వర్క్‌నే ఉంచేశారు.

నా ఉద్దేశంలో కారణం ఒక్కటే: ఆయన దగ్గర 185 లేదు. చట్టం చేయలేదు, కాంట్రాక్టు మీదే నడిపించారు. సంతకం పెట్టని ఆసుపత్రికి పోయేదేమీ లేనప్పుడు ఎందుకు పెడుతుంది? పైగా ఆసుపత్రులన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి. శాసనసభ ఆయనకి అండగా ఉండకపోగా, దిగువ సభ ఆ ప్రాజెక్టుని ఆపి అధ్యయనం చేయాలంటూ బిల్లు పాస్ చేసింది. ఏడు లక్షల మందికి దగ్గర్లో ఆసుపత్రి లేని నెట్‌వర్క్ ఇచ్చే ధైర్యం ఏ ఎన్నికైన నాయకుడికీ ఉండదు. అది ఆసుపత్రులకీ తెలుసు.

అయితే చట్టం లేకుండా గెలిచిన చోటు ఒకటుంది, మొంటానా. అక్కడ మారిలిన్ బార్ట్‌లెట్ అనే ఆవిడ 2014లో ఉద్యోగుల ప్లాన్ బాధ్యత తీసుకునేసరికి, 2017 నాటికి నిల్వలు 90 లక్షల డాలర్ల లోటులోకి పోతాయని అంచనా. సభ్యులు ముప్ఫై వేల చిల్లర, అంతే. ఆవిడ లెక్కలు తెలిసిన మనిషి. క్లెయిములన్నీ మెడికేర్ రేటుతో పోల్చి చూస్తే ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య తేడాలు బయటపడ్డాయి. తగ్గింపుల భాష మానేసి మెడికేర్‌కి ఇన్ని రెట్లు అని నేరుగా చెప్పారు, సగటున 234 శాతం. పెద్ద ఆసుపత్రులు ఒక్కొక్కటే దారికొచ్చాయి. చివరిదాకా బిగుసుకుని కూర్చున్న గ్రేట్ ఫాల్స్ ఆసుపత్రికి ఉద్యోగుల నుంచి, సంఘాల నుంచి ఫోన్లు మోగాయి. అదీ సంతకం పెట్టింది. మూడేళ్ళలో 4 కోట్ల 78 లక్షల డాలర్లు మిగిలాయని తర్వాత లెక్క తేలింది.

మరి చట్టం లేకపోయినా అక్కడెలా కుదిరిందంటారా? పెద్ద ఆసుపత్రులు పదో పదకొండో, ఒక్కోదానితో విడివిడిగా మాట్లాడారు, గవర్నరు ఆఫీసు వెనకడుగు వేయలేదు, అన్నిటికీ మించి 234 అనేది మరీ బిగించిన అంకె కాదు. నార్త్ కరోలినాలో వందకు పైగా ఆసుపత్రులకు ఒకే గడువు పెట్టి ఒకే కాగితం పంపారు. ఐకమత్యం ఎలా నేర్చుకోవాలో వాళ్ళకి ఆయనే నేర్పించినట్టయింది.

ప్రశ్న (స్పొకేన్, వాషింగ్టన్): నేను ఆసుపత్రిలో నర్సుని. మెడికేర్ మా ఖర్చుకి కూడా సరిపడా ఇవ్వదు. దానికి రెండింతలు అంటే ఏదో దానం చేస్తున్నట్టు మాట్లాడతారు. మీరు ధరల్లో కోసింది చివరికి మా షిఫ్టుల్లో కోస్తారు. ఆ సంగతి రాయరేం?

జవాబు: రాస్తాను. మీ మాటలో మొదటి సగం నిజం. మెడికేర్ వ్యవహారాల మీద కాంగ్రెస్‌కి సలహా ఇచ్చే మెడ్‌పాక్ లెక్క ప్రకారం 2023లో మెడికేర్ పేషెంట్ల మీద ఆసుపత్రుల మార్జిన్ సగటున మైనస్ 13 శాతం. అంటే మెడికేర్ 100 డాలర్లిస్తే ఖర్చు 113 అవుతోంది. ఆ లెక్కనే తీసుకుంటే 200 దగ్గర ఇంకా 87 మిగులుతుంది. మెడికెయిడ్ (పేదల కోసం ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) పేషెంట్ల నష్టం, ఇన్సూరెన్స్ లేనివాళ్ళ నష్టం అందులోంచే పూడాలి, ఒప్పుకుంటాను. కానీ రాండ్ అనే పరిశోధన సంస్థ 2022 ధరలు చూసి చెప్పిందేమిటంటే, ఉద్యోగుల ప్లాన్లూ ప్రైవేటు ఇన్సూరెన్సూ దేశమంతటా సగటున మెడికేర్‌కి 254 శాతం కడుతున్నాయి. 254కీ 200కీ మధ్య ఉన్నదంతా మెడికెయిడ్ నష్టాలు పూడ్చడానికే పోతోందని నేను నమ్మను. కాంట్రాక్టులు మాట్లాడినప్పుడు ఆ మాట నేనూ వాడేదాన్ని, ఎదుటివాళ్ళు లెక్క చూపించమంటే సంభాషణ మారిపోయేది.

నాకు నచ్చనిది వేరే ఉంది. నిధులు గుట్టలుగా ఉన్న ఆసుపత్రికీ, సగం మంది మెడికెయిడ్ పేషెంట్లున్న ఆసుపత్రికీ ఒకే గీత గీయడం. మరీ చిన్న పల్లెటూరి ఆసుపత్రులను మాత్రం పక్కన పెడుతున్నారు. 25 పడకలకు మించని క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రులకు మెడికేరే ఖర్చు మీద 101 శాతం ఇస్తుంది, వాటికి ఈ కొలత సరిపడదు. ఒరెగాన్‌లో పరిమితి 24 పెద్ద ఆసుపత్రులకే. మధ్యలో నలిగేవి పెద్దవీ కాని, చిన్నవీ కానివి. స్పొకేన్‌లో మీకు తెలిసే ఉంటుంది.

ఇంకో ప్రమాదం, ఇప్పుడు 165 దగ్గర ఉన్న ఆసుపత్రి "చట్టమే 200 అంది కదా" అని అక్కడికి ఎక్కాలని చూడటం. దీనికి ఒరెగాన్ దగ్గర విడిగా ఇంకో పగ్గం ఉంది, ఒక్కో సభ్యుడి మీద ఖర్చు ఏటా 3.4 శాతం మించి పెరగకూడదని. వాషింగ్టన్ చట్టంలో నాకు నచ్చిన వాక్యం మాత్రం ఆసుపత్రుల గురించి కాదు. ప్రైమరీ కేర్‌కీ, ఆసుపత్రి బయట జరిగే మానసిక వైద్యానికీ మెడికేర్ రేటులో కనీసం 150 శాతం ఇవ్వాలన్నారు. ఏళ్ళ తరబడి అరకొర రేట్లతో నెట్టుకొచ్చిన క్లినిక్కులకి అది ఊపిరి.

మీ షిఫ్టుల విషయానికొస్తే, రాబడి తగ్గినప్పుడు యాజమాన్యం దేన్ని కోయాలో ఈ చట్టం చెప్పదు. కొత్త టవర్ ఆపుతారా, రాత్రి డ్యూటీలో ఒక నర్సుని తగ్గిస్తారా అన్నది బోర్డు గదిలో తేలుతుంది. ఆ బేరం మీ యూనియన్ చేయాలి, 2027 రాకముందే చేయాలి.

ప్రశ్న (పోర్ట్‌లాండ్, ఒరెగాన్): మా నాన్నగారు గ్రీన్‌కార్డు మీద ఉన్నారు, మెడికేర్ కొనుక్కున్నారు. ఈ 200 శాతం ఆయన బిల్లుకి వర్తిస్తుందా? నా భార్య ప్రైవేటు కంపెనీ ప్లాన్‌కి?

జవాబు: రెండిటికీ వర్తించదు. నాన్నగారి ప్లానే మెడికేర్, ఆయనకి నడిచేది 100 శాతం రేటు, పరిమితి అవసరమే లేదు. మీ ఆవిడ కంపెనీ ప్లాన్ ఈ చట్టం పరిధిలో లేదు. మీరు రాష్ట్ర ఉద్యోగి అయితే, ఆవిడ మీ ప్లాన్‌లోకి వచ్చిన రోజున ఆవిడ ఆసుపత్రి బిల్లుకీ వర్తిస్తుంది.

ప్రశ్న (శాక్రమెంటో, కాలిఫోర్నియా): నేను స్టేట్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను, ఇంకా 65 రాలేదు. మోకాలి మార్పిడి చేయించుకోవాలి. "కాల్‌పర్స్ ప్లాన్‌లో ఇంత వరకే ఇస్తారు, మిగతాది మనం కట్టుకోవాలి" అని ఒక స్నేహితుడు భయపెట్టాడు. నిజమేనా?

జవాబు: ఆయన చెప్తున్నది కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్లు, హెల్త్ ప్లాన్లు చూసే కాల్‌పర్స్ సంస్థ 2011లో మొదలుపెట్టిన పద్ధతి. అప్పట్లో మోకాలు, తుంటి మార్పిడికి ఆసుపత్రులు ఇష్టమొచ్చినట్టు తీసుకునేవి, ఒకే ఆపరేషన్‌కి ఒకచోట 15 వేల డాలర్లు, ఇంకోచోట 1 లక్షా 10 వేలు. కాల్‌పర్స్ తన ప్లాన్లలో కొన్నిటికి 30 వేలు గీత గీసింది. ఆ ధర లోపల చేసే 41 ఆసుపత్రుల పేర్లు ఇచ్చింది. వాటికి వెళ్తే మామూలు కోఇన్సూరెన్స్‌తో సరి, వేరేచోటికి వెళ్తే 30 వేలు దాటింది పేషెంటుది. దగ్గర్లో అలాంటి ఆసుపత్రి లేనివాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. మొదటి ఏడాదిలోనే ఖరీదైన ఆసుపత్రుల్లో సగటు ధర మూడోవంతుకు పైగా పడిపోయింది. ఆసుపత్రులు ధర తగ్గించలేవు అనేవాళ్ళకి నేను ఇప్పటికీ చూపించే ఉదాహరణ ఇదే.

కానీ ఒరెగాన్ పద్ధతికీ దీనికీ తేడా చూడండి. ఒరెగాన్‌లో గీత ఆసుపత్రి మీద పడుతుంది. ఇక్కడ తప్పు చోటికి వెళ్తే పేషెంటు మీద పడుతుంది. మోకాలి నొప్పికి నెలల ముందు నుంచి ఆలోచించుకుంటాం కనుక ఇది నడిచింది. అపెండిక్స్ పగిలిన మనిషికి ఇలాంటి పద్ధతి పెట్టడం అన్యాయం.

మీరు చేయాల్సింది ఇది. సర్జన్ ఆఫీసులో తేదీ ఖరారు చేసుకోకముందే ప్లాన్ కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేయండి. ఈ ఏడాది మీ ప్లాన్‌లో మోకాలి మార్పిడికి ధర పరిమితి ఉందా, ఉంటే ఏయే ఆసుపత్రుల్లో దాని లోపల అవుతుంది అని అడగండి. ఆసుపత్రిలో చేయించుకోవాలా, విడిగా ఉండే సర్జరీ సెంటర్లో కుదురుతుందా అని సర్జన్‌ని అడగండి, తేడా వేలల్లో ఉంటుంది. ఆసుపత్రి బిల్లు వేరు, సర్జన్ బిల్లు వేరు, మత్తు డాక్టరు బిల్లు వేరు. మూడూ విడిగా అడగాలి. ఫోన్లో చెప్పినవాళ్ళ పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత అప్పీలు చేయాల్సి వస్తే అక్కరకొచ్చేది ఆ నంబరే.